వెలకూ విలువకూ నడుమ మదాం క్లికో

ఫిన్లాండుకు చెందిన ఆలాండ్ దీవుల సమీపాన, బాల్టిక్ సముద్రంలో సుమారు 50 మీటర్ల లోతున మునిగి ఉన్న ఒక పాత ఓడను 2010 జులైలో గజ ఈతగాళ్లు కనుగొన్నారు. ఓడ పేరు తెలియలేదు. పందొమ్మిదో శతాబ్దం పూర్వార్ధంలో మునిగినదని నిపుణులు అంచనా వేశారు. అందులోంచి 160కి పైగా షాంపేన్ సీసాలు బయటపడ్డాయి. లేబుళ్లు ఎప్పుడో నీటిలో కలిసిపోయాయి గానీ, బిరడాల అడుగున కాల్చి వేసిన ముద్రలు చెక్కుచెదరలేదు. వాటిలో కొన్నింటిపై తోకచుక్క గుర్తు కనిపించింది. ఆ గుర్తు ఫ్రాన్సులోని రీమ్స్ నగరానికి చెందిన ఒక వర్తకురాలిది. మరుసటి ఏడాది జూన్‌లో ఆలాండ్ రాజధాని మారియహామ్న్‌లో జరిగిన వేలంలో ఆమె సీసా ఒకటి 30 వేల యూరోలకు అమ్ముడుపోయింది. అప్పటి మారకం రేటు ప్రకారం సుమారు 19 లక్షల రూపాయలు.

ఇదే ఓడ అండమాన్ సముద్రంలో, పోర్ట్ బ్లెయిర్‌లోని లంబాలైన్ వాసులు ఎరిగిన వెచ్చని నీటిలో మునిగి ఉంటే కథ ఇలా ఉండేది కాదు. ఉష్ణమండల సముద్రాలలో కొయ్యను తొలిచే పురుగులు ఓడను మిగలనివ్వవు. వేడి సీసాలోని సరుకును మిగలనివ్వదు. బాల్టిక్ నీటిలో ఉప్పు తక్కువ, చలి ఎక్కువ, వెలుతురు లేదు. ఎవరూ కోరి కట్టని నేలమాళిగ అది.

ఒక సీసా మద్యానికి 19 లక్షలు చెల్లించిన వారు కొన్నది దేనిని? ద్రవ్యాన్నా, పేరునా? ఖరీదైన షాంపేన్ నిజంగా అంతటి పేరుకు తగినదేనా అన్న ప్రశ్న మద్యం ముట్టని వారికి సైతం ఆసక్తి కలిగించేదే. ఎందుకంటే పేరుకు వెల కట్టే వ్యాపార పద్ధతిని తొలినాళ్లలోనే ప్రపంచమంతటా నడిపించిన వారిలో ఈ రీమ్స్ వితంతువు ఒకరు. ఆమె జీవితాన్ని తరచి చూస్తే ఆ ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది.

ఆమె పేరు బార్బ్ నికోల్ పోన్సార్దాఁ. 1777 డిసెంబరు 16న రీమ్స్‌లో జన్మించింది. తండ్రి నికోలా పోన్సార్దాఁ ఆ నగరంలో పెద్ద బట్టల మిల్లుల యజమాని. 1789లో ఫ్రెంచి విప్లవం చెలరేగినప్పుడు సంపన్నులు ప్రాణాలు అరచేత పట్టుకుని తిరుగుతుండగా, ఆయన కాలాన్ని బట్టి విప్లవకారులతో చేతులు కలిపాడు. నెపోలియన్ రోజులు రాగానే అంతే సులువుగా చక్రవర్తి పక్షం చేరి రీమ్స్ మేయరు పదవినీ, బేరన్ బిరుదునూ సంపాదించాడు. గాలివాటు చూసి తెరచాప తిప్పడం కూతురు తండ్రి దగ్గర నేర్చుకున్నదని చెప్పడానికి ఆమె తర్వాతి జీవితమే సాక్ష్యం.

1798లో ఆమెకు ఫ్రాంస్వా క్లికోతో వివాహమైంది. మామగారు ఫిలిప్ క్లికో బట్టల వ్యాపారి; బ్యాంకు వ్యవహారాలు కూడా చేసేవాడు. ద్రాక్ష తోటలు కొన్ని ఉండటంతో 1772లో చిన్నపాటి వైన్ వర్తకం మొదలుపెట్టాడు. అది ఆ కుటుంబానికి ఉపవృత్తి మాత్రమే. దానినే ప్రధాన వృత్తి చేయాలన్నది కొడుకు కోరిక. గుర్రపు బండి మీద ఐరోపా దేశాలు తిరిగి ఆర్డర్లు సంపాదించేవాడు. 1799లో ఈ దంపతులకు క్లెమాంతీన్ అనే కుమార్తె కలిగింది. 1805 అక్టోబరులో ఫ్రాంస్వా విషజ్వరం సోకి హఠాత్తుగా మరణించాడు. అప్పటికి భార్య వయసు 27.

కొడుకు పోయిన దుఃఖంలో మామగారు వైన్ వ్యాపారాన్ని మూసివేయదలిచాడు. కోడలు వద్దంది. తానే నడుపుతానంది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. అలెగ్జాండర్ ఫుర్నో అనే అనుభవజ్ఞుడిని భాగస్వామిగా పెట్టుకుని నాలుగేళ్లు పని నేర్చుకోవాలన్న షరతుపై పెట్టుబడి ఇచ్చాడు.

ఇక్కడ ఒక చట్టపరమైన విశేషం చెప్పుకోవాలి. 1804 నాటి నెపోలియన్ శాసనసంహిత ప్రకారం వివాహిత స్త్రీ భర్త అనుమతి లేనిదే ఒప్పందం రాయలేదు, ఆస్తి అమ్మలేదు. వితంతువుకు మాత్రం తన వ్యవహారాలు తాను చూసుకునే స్వేచ్ఛ ఉండేది. వైధవ్యం ఆమెకు వ్యాపార లైసెన్సు అయింది. ఆమె జీవించి ఉండగానే, 1856లో, మన దేశంలో వితంతు వివాహ చట్టం వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించేసరికి 1881 అయింది. ఇక్కడ భర్త పోయిన స్త్రీకి కొత్త జీవితం కావాలంటే పునర్వివాహమే దారి అని సంస్కర్తలు పోరాడారు. అక్కడ ఈమె పునర్వివాహం చేసుకుని ఉంటే వ్యాపారం మరొకరి చేతిలోకి పోయేది. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. సీసా మీద కూడా తన వైధవ్యాన్నే ముద్రించుకుంది. ఫ్రెంచిలో వవ్ అంటే వితంతువు. వవ్ క్లికో అన్న బ్రాండుకు అర్థం క్లికో వితంతువు అనే.

తొలి నాలుగేళ్లూ నష్టాలే. నెపోలియన్ యుద్ధాల వల్ల ఇంగ్లండు నౌకాదళం రేవులను దిగ్బంధం చేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో చిక్కుకున్న పెద్ద సరుకు పాడైపోయింది. లూయీ బోన్ అనే అమ్మకపు ఏజెంటు జర్మనీ, రష్యాలలో ఊరూరా తిరిగి ఉత్తరాలు రాసేవాడు. అతడి ఉత్తరాలే ఆమెకు పత్రికలు, రాయబార కార్యాలయం. ఎక్కడ ఏ ప్రభువు ఇంట విందు, ఎవరు అప్పు తీర్చగలరు, ఎవరు ఎగవేస్తారు అన్నది అతడికి తెలిసినంతగా మంత్రులకు కూడా తెలిసేది కాదేమో. 1810లో ఫుర్నో భాగస్వామ్యం నుంచి తప్పుకున్నాడు. ఆమె ఏకైక యజమానిగా, పుట్టింటి పేరునూ మెట్టినింటి పేరునూ కలిపి, వవ్ క్లికో పోన్సార్దాఁ పేరిట సంస్థను పునఃస్థాపించింది.

మరుసటి ఏడాది ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించింది. నెలల తరబడి వెలుగుతూ ఐరోపాను భయపెట్టింది. మన వైపు తోకచుక్క అంటే అరిష్టం. షాంపేన్ ప్రాంతపు రైతులకు మాత్రం 1811లో పంట అద్భుతంగా పండింది. ఆ ఏటి వైన్‌కు తోకచుక్క వైన్ అన్న పేరు స్థిరపడింది. ఆమె బిరడాలపై నక్షత్ర ముద్ర వేయించింది. రెండు శతాబ్దాల తర్వాత బాల్టిక్ సీసాలను పట్టి ఇచ్చినది ఆ గుర్తే. కొనేవాడు లోపలి సరుకు చూడలేడు గనుక, బయట చూడగలిగినది ఒకటి అతడికి ఇవ్వాలి. ఆ కిటుకు ఆమెకు అప్పటికే తెలిసింది.

పంట పండింది గాని అమ్ముకునే దారి లేదు. 1812లో నెపోలియన్ రష్యాపై దండెత్తి చతికిలపడ్డాడు. జారు ప్రభుత్వం ఫ్రెంచి సీసాల దిగుమతిని నిషేధించింది. 1814 తొలి మాసాలలో రష్యా సేనలు రీమ్స్ నగరంలోకే వచ్చిపడ్డాయి. సైనికులు నేలమాళిగలను దోచి తాగుతుంటే ఆమె అడ్డుకోలేదని చెబుతారు. ఈరోజు తాగినవాడు రేపు కొంటాడన్నది ఆమె లెక్క అట. ఆ కథ నిజమో, తర్వాత అల్లినదో గానీ, తరువాత జరిగినది మాత్రం లెక్క పుస్తకాలలో ఉంది.

ఏప్రిల్‌లో నెపోలియన్ గద్దె దిగాడు. శాంతి వచ్చిందే గాని రష్యా నిషేధం ఇంకా తొలగలేదు. తొలగించాక బయలుదేరితే పోటీదారులందరూ బయలుదేరుతారు. ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక డచ్చి ఓడను అద్దెకు తీసుకుని, 10 వేలకు పైగా సీసాలను జూన్‌లో రువాన్ రేవు నుంచి పంపింది. బోన్ సరుకుతో పాటే ఓడ ఎక్కాడు. గమ్యం ప్రష్యా రేవు కోనిగ్స్‌బర్గ్. నేడు రష్యా ఏలుబడిలో ఉన్న కాలినిన్‌గ్రాడ్. ఓడ పట్టుబడితే సర్వస్వం పోయేది. మామగారి పెట్టుబడి, తన ఆస్తి, సంస్థ పేరు అన్నీ ఆ సీసాలలోనే ఉన్నాయి. జులైలో ఓడ రేవు చేరేసరికి నిషేధం ఎత్తివేసిన వార్త కూడా చేరింది. కొనుగోలుదారులు ఎగబడ్డారు. పోటీ సంస్థలు మేలుకునేలోగా ఆమె రెండో ఓడ కూడా బయలుదేరింది.

కొద్ది ఏళ్లలోనే రష్యా ఉన్నత వర్గాల నోట షాంపేన్‌కు మారుపేరుగా క్లికో పేరు నిలిచిపోయింది. పుష్కిన్ తన పద్య నవల యెవ్గెనీ ఒనేగిన్‌లో ఆమె షాంపేన్‌ను ప్రస్తావించాడు. ఆమె మాత్రం జీవితంలో ఒక్కసారి కూడా రష్యాలో అడుగు పెట్టలేదు.

గిరాకీ పెరగడంతో అసలు చిక్కు ఎదురైంది. దానిని అర్థం చేసుకోవాలంటే షాంపేన్ తయారయ్యే విధానం కొంత తెలుసుకోవాలి. ముందు మామూలు వైన్ తయారుచేస్తారు. దానికి కొంచెం చక్కెర, ఈస్ట్ కలిపి సీసాలో పోసి మూత బిగిస్తారు. సీసాలో అది రెండోసారి పులుస్తుంది. పుట్టిన వాయువు బయటకు పోలేక ద్రవంలోనే కరిగి ఉంటుంది. బిరడా తీయగానే అదే నురగ అవుతుంది. సీసాలోని ఒత్తిడి అయిదారు వాతావరణాల దాకా ఉంటుంది. కారు చక్రంలోని గాలి ఒత్తిడికి రెండింతలు పైమాటే. ఆనాటి గాజు అంత ఒత్తిడికి తాళేది కాదు. వేసవిలో ఒక సీసా పేలితే పక్కవి కూడా పేలేవి. నేలమాళిగలో పనివారు ముఖాలకు ఇనుప జాలీ ముసుగులు ధరించేవారు. ఎంత చక్కెర వేస్తే ఎంత ఒత్తిడి పుడుతుందో లెక్కగట్టే పద్ధతిని షాలోన్ పట్టణానికి చెందిన ఫ్రాంస్వా అనే మందుల వ్యాపారి 1830లలో వెలువరించేదాకా ఈ వర్తకం సగం జూదమే.

పేలకుండా మిగిలిన సీసాలో మరో సమస్య మడ్డి. చక్కెరను తిన్న ఈస్ట్ చచ్చి అడుగున పేరుకుంటుంది. దానితో వైన్ మసకబారి, జిగటగా కనిపించేది. మడ్డిని వదిలించాలంటే వైన్‌ను ఒక సీసాలోంచి మరొక సీసాలోకి వంచాలి. వంచితే నురగ పోతుంది, సరుకు కూడా వృథా. వంచకుంటే ప్రభువుల బల్లపై మడ్డినీళ్లు పెట్టినట్టే. దొరలు గాజు గ్లాసును దీపానికి ఎదురుగా పెట్టి చూసే రోజులు అవి.

1816 ప్రాంతంలో ఆమె తన వంటింటి బల్లను నేలమాళిగలోకి తెప్పించి దానికి రంధ్రాలు చేయించిందని సంస్థ చరిత్ర చెబుతుంది. సీసాలను మెడ కిందికి వచ్చేలా ఆ రంధ్రాలలో నిలిపారు. రోజూ ఒక్కో సీసాను కొద్దిగా కదిపి, పావువంతు తిప్పి తిరిగి పెట్టారు. కొన్ని వారాలలో మడ్డి అంతా జారి బిరడా మీదికి చేరింది. అప్పుడు బిరడా లాగితే లోపలి వాయువే మడ్డిని బయటకు తన్నేస్తుంది. పోయిన కాస్త వైన్ స్థానంలో చక్కెర పాకం కలిపిన వైన్ పోసి కొత్త బిరడా బిగిస్తే సరి. వైన్ నీటిబొట్టంత నిర్మలంగా ఉంటుంది, నురగ కూడా నిలుస్తుంది. నేలమాళిగ అధికారి ఆంత్వాన్ ముల్లర్ రంధ్రాలను ఏటవాలుగా చెక్కించి ఈ పద్ధతిని మెరుగుపరిచాడు. ఆలోచనలో ఎవరి వాటా ఎంత అన్నది నేడు తేల్చడం కష్టం. యజమానురాలి పేరు ముందు వచ్చింది. అది వర్తక ధర్మం కాబోలు.

ఈ రహస్యాన్ని కొన్నేళ్లపాటు పనివారు పొక్కనివ్వలేదు. ఆ కొద్ది ఏళ్లే ఆమెకు చాలాయి. పోటీదారులు మడ్డితో కుస్తీ పడుతుండగా ఆమె నిర్మలమైన సీసాలను వేలకు వేలు పంపింది. తరువాత ఈ పద్ధతి షాంపేన్ ప్రాంతమంతటా పాకింది. యంత్రాలు వచ్చేదాకా దాదాపు అన్ని సంస్థలూ ఇలాగే చేతితో సీసాలు తిప్పించాయి. 1818లో ఎర్ర వైన్‌ను తెల్ల వైన్‌తో కలిపి గులాబి రంగు షాంపేన్ చేయడం కూడా ఆమె ఘనతల్లో ఒకటిగా సంస్థ చెప్పుకుంటుంది. అంతకుముందు ఆ రంగు కోసం ఎల్డర్ పండ్ల రసం కలిపేవారు.

షాంపేన్‌ను కనిపెట్టినది డోం పెరిన్యోన్ అనే క్రైస్తవ సన్యాసి అన్న నమ్మకం విస్తృతంగా ఉంది. ఆయన 1638 నుంచి 1715 వరకు జీవించిన మాట నిజం. ఓవిల్లేర్ మఠంలో ద్రాక్ష తోటలూ నేలమాళిగలూ చూసిన మాట నిజం. వేర్వేరు తోటల పండ్లను కలిపి మేలైన వైన్ చేయడంలో దిట్ట అన్నదీ నిజమే. కానీ నురగ ఆ కాలంలో లోపం. దానిని నివారించడానికే ఆయన పాటుపడ్డాడని చరిత్రకారుల అభిప్రాయం. ఆవిష్కర్త అన్న కీర్తి ఆయన పోయిన శతాబ్దం తర్వాత ఆ మఠానికే చెందిన ఒకరు ప్రచారం చేసినది. నేడు ఆ పేరున్న సీసా ప్రపంచంలోని ఖరీదైన వాటిలో ఒకటి. మదాం క్లికో కీర్తిలో కల్పన లేదని కాదు. ఉన్నదానికి కనీసం చెక్క బల్ల ఆధారం ఉంది.

ఆమె తర్వాతి జీవితాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1817లో కూతురిని కౌంట్ షెవిన్యే అనే ఉన్నత వంశస్థుడికి ఇచ్చింది. వంశం గొప్పది, ఖర్చు అంతకన్నా గొప్పది. అల్లుడి అప్పులు తీర్చడం అత్తగారి పద్దులలో శాశ్వత ఖాతా అయింది. మిగులు డబ్బుతో బ్యాంకు పెట్టి 1820ల చివర చేతులు కాల్చుకుంది. అప్పుడు సంస్థను కాపాడినది ఆమె వద్ద చిన్న ఉద్యోగిగా చేరిన ఎడువార్ వెర్లే అనే జర్మన్ యువకుడు. 1831లో అతడిని భాగస్వామిని చేసింది. వ్యాపారం చివరకు చేరినది కూతురికో అల్లుడికో కాదు, అతడికే. ఆమె వద్దే పనిచేసిన మరో జర్మన్, కెస్లర్, స్వదేశం వెళ్లి 1826లో ఎస్లింగెన్‌లో సొంతంగా నురగల వైన్ తయారీ మొదలుపెట్టాడు. విద్య పక్క దేశానికి పాకింది. పేరు మాత్రం రీమ్స్‌లోనే ఉండిపోయింది.

ఒకే నాణ్యత, అది మొదటి తరగతిది మాత్రమే అన్నది సంస్థ పాటించిన సూత్రం. నాసిరకం సరుకుకు ఆమె ముద్ర వేసి అమ్మే నకిలీ వర్తకులు అప్పుడే తలెత్తారు. వారిపై ఆమె కోర్టుకెక్కింది. నకిలీ పుట్టిందంటే అసలుకు పేరు వచ్చిందనే అర్థం. 1866 జులై 29న, 88వ ఏట, బూర్సో గ్రామంలో తాను కట్టించుకున్న కోటలాంటి భవనంలో మరణించింది. అప్పటికి ఆమె సీసాలు ఏటా లక్షల సంఖ్యలో దేశదేశాలకు వెళుతున్నాయి. మనవరాలి కూతురు యుజెస్ డచెస్ 1898లో మోటారు వాహనం నడిపే అర్హత పత్రం సంపాదించి ఫ్రాన్సులో ఆ ఘనత పొందిన తొలి మహిళల్లో ఒకరైంది. ఆ ఇంటి ఆడవారికి పగ్గాలు పట్టడం కొత్త కాదు.

తిరిగి మొదటి ప్రశ్నకు వస్తే, బాల్టిక్ సీసాలు రసాయన శాస్త్రవేత్తలకు అరుదైన అవకాశం ఇచ్చాయి. పరీక్షల ఫలితాలు 2015లో వెలువడ్డాయి. లీటరుకు సుమారు 150 గ్రాముల చక్కెర ఉన్నట్టు తేలింది. నేడు బ్రూట్ అన్న పేరుతో అమ్మే షాంపేన్‌లో చక్కెర లీటరుకు 12 గ్రాములు మించరాదు. అంటే ఆనాడు ప్రపంచం మెచ్చిన షాంపేన్ దాదాపు పాకం. రష్యా ప్రభువులకు అంతకన్నా రెట్టింపు తీపి కావాల్సి వచ్చేదని సంస్థ పాత ఉత్తరాలు చెబుతున్నాయి. సముద్రం నుంచి తీసిన వైన్ వాసన చూసిన నిపుణులకు మొదట తడిసిన జంతువు రోమాలు, జున్ను గుర్తుకొచ్చాయి. గ్లాసులో కాసేపు తిప్పి గాలి తగలనిచ్చాక పొగ, తోలు, మసాలా దినుసుల పరిమళాలు బయటపడ్డాయి. నురగ దాదాపు పోయింది.

కీర్తి అదే, పేరు అదే. లోపలి ద్రవ్యం మాత్రం పూర్తిగా మారిపోయింది. ఆనాటి రుచి నేటి తాగుబోతుకు గిట్టదు. నేటి రుచిని జారు విసిరికొట్టి ఉండేవాడు. కాబట్టి రెండు వందల ఏళ్లుగా ప్రపంచం చెల్లిస్తున్నది ఒక నిర్దిష్టమైన రుచికి అని వాదించడం సాధ్యం కాదు.

మరి దేనికి? ఖరీదులో కొంత భాగానికి న్యాయమైన కారణాలు ఉన్నాయి. షాంపేన్ అని పిలవదగిన తోటలు ఫ్రాన్సులో సుమారు 34 వేల హెక్టార్లే. పండ్లను చేతితోనే కోయాలన్నది నియమం. ఒక సీసాకు కిలోకు పైగా ద్రాక్ష పడుతుంది. సాధారణ రకాన్ని కూడా సీసాలో నింపాక 15 నెలలు నిల్వ ఉంచాలి. ఒకే ఏటి పంటతో చేసినదైతే మూడేళ్లు. అంతకాలం పెట్టుబడి నేలమాళిగలో నిద్రపోతుంది. పొరుగు ప్రాంతాల చవక ద్రాక్షతో వర్తకులు షాంపేన్ చేస్తున్నారని 1911లో అక్కడి రైతులు తిరగబడి పీపాలను వీధుల్లో దొర్లించి, వైన్‌ను పారబోశారు. సైన్యం దిగాల్సి వచ్చింది. పేరు రైతుకు కూడా ఆస్తే. పోచంపల్లి చీరకూ తిరుపతి లడ్డూకూ మనవారు భౌగోళిక గుర్తింపు సంపాదించుకున్నట్టే వారూ సంపాదించుకున్నారు. మన దేశంలో కూడా షాంపేన్ పేరు ఆ చట్టం కింద నమోదైంది.

ఈ ఖర్చులన్నీ కలిపినా ఒక స్థాయికి మించిన ధరను అవి వివరించలేవు. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, లేబుల్ కనిపించకుండా వైన్ రుచి చూపించిన 6 వేలకు పైగా పరీక్షల ఫలితాలను అమెరికా పరిశోధకులు క్రోడీకరించారు. ధర తెలియనప్పుడు సాధారణ జనం ఖరీదైన వైన్‌ను ఎక్కువ మెచ్చలేదు. కొద్దిపాటిగా తక్కువే మెచ్చారు. శిక్షణ ఉన్నవారి తీర్పు మాత్రం కొంత ఖరీదు వైపు మొగ్గింది. ఆ పరీక్షల ఆధారంగా అదే ఏడు వచ్చిన ఒక పుస్తకం మరింత కలకలం రేపింది. 12 డాలర్ల అమెరికా నురగల వైన్‌నూ 150 డాలర్ల డోం పెరిన్యోన్‌నూ పేరు చెప్పకుండా ఇస్తే ఎక్కువ మంది చవకదానినే ఎంచుకున్నారని అందులో ఉంది. అదే ఏడాది మరో పరిశోధనలో, ఒకే వైన్‌ను వేర్వేరు ధరలు చెప్పి ఇస్తే, ఎక్కువ ధర విన్నప్పుడు మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం నిజంగానే ఎక్కువ స్పందించింది. తాగినవారు అబద్ధం చెప్పడం లేదన్నమాట. ధరను కూడా తాగుతున్నారు.

ఈ పరీక్షలు చెప్పనిది కూడా ఒకటి ఉంది. మదాం క్లికో 1814లో అమ్మినది రుచిని మించి భరోసాను. సీసాలు పేలుతున్న కాలంలో ఇది పేలదు, మడ్డి తేలుతున్న కాలంలో ఇది తేటగా ఉంటుంది, నకిలీలు ముసురుతున్న కాలంలో ఇది అసలు అన్న భరోసా. పీటర్స్‌బర్గ్‌లో తెరిచిన సీసా రీమ్స్‌లో తెరిచిన దానిలాగే ఉంటుందన్న హామీకి రష్యా ప్రభువు అధిక ధర ఇవ్వడం వెర్రితనం కాదు. నేడు గాజు బలపడింది, రసాయన శాస్త్రం ముదిరింది, యంత్రాలు సీసాలను తిప్పుతున్నాయి. మధ్యతరగతి ధర సీసా కూడా తేటగానే ఉంటుంది. హామీ అందరికీ చవకగా దొరికాక పేరుకు మిగిలిన పని ప్రతిష్ఠను ప్రదర్శించడమే. పెళ్లి విందులో గ్లాసు ఎత్తేవాడు లేబుల్ అతిథుల వైపు ఉండేలా పట్టుకోవడానికి కారణం అది. ఖరీదైన షాంపేన్ మంచిదే. ధర పదింతలైనప్పుడు మంచితనం పదింతలు కావడం లేదు.

భారతీయ కొనుగోలుదారుకు ఈ తేడా మరింత పెద్దది. 2007 తర్వాత చాలా ఏళ్లపాటు దిగుమతి వైన్‌పై కస్టమ్స్ సుంకం 150 శాతం. దానిపై రాష్ట్రాల పన్నులు వేరు. రీమ్స్‌లో మధ్యతరగతి కుటుంబం పండుగకు కొనే సీసా ఇక్కడికి వచ్చేసరికి నెల జీతమంత పలికేది. స్వదేశంలోనే చేయాలన్న ప్రయత్నాలు జరగకపోలేదు. మహారాష్ట్రలోని నారాయణగావ్‌లో ఇండేజ్ సంస్థ 1980లలో ఫ్రెంచి సాంకేతిక సహాయంతో నురగల వైన్ తయారుచేసి, ఒమర్ ఖయ్యాం పేరుతో విదేశాలకు ఎగుమతి చేసింది. రుచి బాగుందన్న ప్రశంసలు వచ్చాయి. షాంపేన్ అన్న పేరు పెట్టుకునే వీలు మాత్రం లేదు. ఇక హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు ప్రసిద్ధి కెక్కిన అనాబెషాహి ద్రాక్ష తినడానికి శ్రేష్ఠం, ఈ పనికి రాదు. షాంపేన్‌కు పులుపు ఎక్కువగా ఉండే షార్దొనే, పినో రకాలు కావాలి.

మదాం క్లికో నడిపిన సంస్థ 1980లలో చేతులు మారి, 1987లో ఏర్పడిన ఎల్‌వీఎంహెచ్ విలాస వస్తు సామ్రాజ్యంలో భాగమైంది. డోం పెరిన్యోన్ సీసా కూడా ఆ గూటిదే. ఒకరితో ఒకరు పోటీ పడే రెండు పేర్లలో దేనిని కొన్నా లాభం చేరేది ఒకే ఇంటికి. ఆమె పోయాక వచ్చిన పసుపు లేబుల్ నేడు ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు పొందింది. 1972లో సంస్థ ద్విశతాబ్ది సందర్భంగా విడుదల చేసిన అత్యంత ఖరీదైన రకానికి లా గ్రాంద్ దామ్, అంటే మహా మహిళ, అని ఆమె గౌరవార్థం పేరు పెట్టారు.

2014లో అదే సంస్థ కొన్ని వందల కొత్త సీసాలను ఆలాండ్ దీవుల దగ్గర బాల్టిక్ అడుగున దించింది. అవే రకం సీసాలను రీమ్స్ నేలమాళిగలో కూడా ఉంచింది. దశాబ్దాలపాటు అప్పుడప్పుడు రెండు చోట్ల నుంచీ తీసి పోల్చి చూస్తారు. ఈసారి సీసాలలో చక్కెర తక్కువ.